రాకాసి గుడి కప్పు లేపిన తీరు

నేను రాకాసి గుడిలో ఇరుక్కున్న సంగతి మా బామ్మర్ది ఇప్పటికి రెండు జిల్లాల్లో చెప్పాడు. చెప్పినప్పుడల్లా నా పొట్ట కొంత పెరుగుతోంది. తప్పు పొట్టది కాదు, బండది. పైగా అంతటి బండను పూర్వులు ఎట్లా ఎత్తి ఉంటారో నేను లోపలి నుంచి చూశాను. అందుకే రాసిపెడుతున్నాను.

రాష్ట్రాలు కలిసిన కొత్తలో నేను మోత్కూర్ పక్క ఊళ్లో మగ్గం నేసేవాడిని. నూలు కోసం నల్గొండ పోయినప్పుడల్లా గ్రంథాలయంలో కూర్చునేవాడిని. మా గుట్ట కింద నాలుగు బండలు నిలబెట్టి, పైన పెద్ద బండ కప్పిన గూడు ఒకటి ఉండేది. రాకాసులు కట్టిన గుడి అనేవారు. కాదు, వేల ఏళ్ల నాటి సమాధి, వాలుగా మట్టికట్ట పోసి నూరు మంది కప్పును దుంగల మీద దొర్లించారు అని నేను చదివింది అందరికీ చెప్పేవాడిని.

ఒకరోజు కొలతలు తీద్దామని గజంబద్దతో పక్కబండ కంతలోంచి లోపలికి దూరాను. బయటికి వచ్చేటప్పుడు ఊతానికి ఎదుటి బండను తన్నాను. అది వాలింది. కప్పు కిర్రుమని కుంగి, కంతబండను మట్టిలోకి దింపింది. మిగిలిన సందులో నా చెయ్యి మాత్రమే పట్టింది.

కేక విని వచ్చిన బామ్మర్ది పార అందుకున్నాడు. రెండు పెళ్లలు తవ్వేసరికి కప్పు ఇంకో వేలెడు దిగింది. పార పడేశాడు. నూరు మందిని పిలిచి మట్టికట్ట పోయించమన్నాను.

"నూరు మంది ఏడున్నరు బావా? రాకాసులనే పిలుస్త తీ."

పిలిచింది దగ్గర్లో బండలు కొట్టే భార్యాభర్తలను. అతను చుట్టూ ఒకసారి తిరిగి, ఒక మూల కింద గడ్డపార దూర్చి, దాని కింద రాయి పెట్టి నొక్కాడు. కప్పు వేలెడు లేచింది. ఆమె ఆ సందులో రాతి పెచ్చు తోసింది. తర్వాత ఎదుటి మూల. మళ్లీ ఈ మూల, ఇంకో పెచ్చు. లోపల వెలుగు పోగంత వచ్చింది, తర్వాత పట్టీ అంత. నేను మట్టికట్ట సంగతి మళ్లీ ఎత్తాను.

"అన్నా, జర నోరు మూయి," అందామె. "దుమ్ము పడ్తది."

మూశాను. అప్పుడు చూశాను: ఇద్దరు మనుషులు, ఒక గడ్డపార, బుట్టెడు పెచ్చులు. బండ అంతదూరం దుంగల మీదే వచ్చిందేమో గానీ, పైకి మాత్రం ఇట్లా పెచ్చు పెచ్చుగా ఎక్కి ఉంటుంది. సందు మూరెడైనాక పాక్కుంటూ బయటపడ్డాను. గజంబద్ద లోపలే ఉందని వెనక్కి వంగితే బామ్మర్ది నా నడుం పట్టుకున్నాడు.

పుస్తకంలో రాస్తానని వాళ్ల పేర్లు అడిగాను.

"వద్దన్నా," అందామె. "రాకాసి గుడి కదిపినోళ్లమని తెలిస్తే, ఇంటి పునాదికి మమ్ముల ఎవడు పిలుస్తడు?"

బామ్మర్ది మాత్రం తన పేరు పెద్దక్షరాల్లో వేయమన్నాడు. వాళ్లవి వదిలి అతనిది వేయడం న్యాయం కాదు. కాబట్టి గడ్డపార నొక్కిన అన్నకు, పెచ్చులు పెట్టిన చెల్లెకు, నడుం వదలని బామ్మర్దికి పేర్లు లేకుండానే దండాలు.