అన్నం మానిన ఏడు మొదటి ముద్ద

మా ఇంట్లో ఆడవాళ్ళ కాళ్ళు తుంటి నుంచి చీలమండల దాకా స్తంభాల్లా ఉండేవి. పాదాలు మాత్రం సన్నగా, ఎవరివో తెచ్చి అతికించినట్టు ఉండేవి. మా అవ్వ దాన్ని గొప్పగా చెప్పుకునేది. పొలం గట్టు తొక్కాల్సిన అవసరం లేని ఇంటి కాళ్ళట అవి. ఆ మాట నేనూ నమ్మాను. పొలాలు పోయాయి, ఇల్లు పోయింది, కాళ్ళు మాత్రం నాకు వచ్చాయి.

నేనిప్పుడు ఉండేది ఒకప్పుడు మేము విత్తనపు వడ్లు దాచిన రెండు గదుల కొట్టులో. మనుబోలు దగ్గర మిగిలిన కాస్త మడిని ఒక రైతు కౌలుకు చేస్తున్నాడు. ఎవరైనా జాలిగా చూస్తే నేను ముందే మాట మార్చేస్తాను.

సాయంత్రానికి కాళ్ళు తడిసిన గోనె సంచుల్లా బరువెక్కేవి. మంచం కోడు తగిలినా చర్మం కమిలిపోయేది. తిండి తగ్గించమని అందరూ చెప్పేవారు. ఒంటిపూట తిన్నాను. మొహం పీక్కుపోయింది, కాళ్ళు అలాగే ఉన్నాయి. నిరుడు కోతలయ్యాక నెల్లూరులో ఒక డాక్టరమ్మ నా పిక్క నొక్కి చూసి అడిగింది.

"మీ అమ్మగారి కాళ్ళు కూడా ఇలాగే ఉండేవా అమ్మా?"

"మా అవ్వవి కూడా," అన్నాను, కొంచెం గర్వంగానే.

"ఇది జబ్బమ్మా. కాళ్ళలో కొవ్వు పేరుకుంటుంది, లిపిడీమా అంటారు. మీరు ఎక్కువ తినడం వల్ల వచ్చింది కాదు."

మూడు తరాల గొప్ప ఒక్క నిమిషంలో జబ్బయింది. వింతేమిటంటే, నాకు హాయిగా అనిపించింది.

పూర్తిగా పోతుందని ఆమె చెప్పలేదు. బిగుతు మేజోళ్ళు వేసుకోమంది. కీటో తిండితో కొందరికి నొప్పి తగ్గుతోందని, రక్త పరీక్షలు చేయించుకుంటూ మూడు నెలలు చూద్దామని చెప్పింది. అన్నం, ఇడ్లీ, చక్కెర, అరటిపండు వద్దు. గుడ్లు, చేపలు, నెయ్యి, కొబ్బరి, ఆకుకూరలు తినవచ్చు.

వడ్ల కొట్టులో కాపురముంటూ అన్నం మానేశాను. నా తిండి నలుగురి నోళ్ళలో నానడం ఇష్టం లేక ఎవరికీ చెప్పలేదు. కృష్ణపట్నం వైపు నుంచి బస్సులో చేపల గంప తెచ్చే ఆమె దగ్గర కానాగంతలు కొనుక్కునేదాన్ని. మూడో నెలకి కాళ్ళ లావు పెద్దగా మారలేదు గాని, కుర్చీ చేతులు పట్టుకోకుండా లేచాను. కూరగాయల కోసం హైవే దాకా నడిచి వెళ్ళాను. పరీక్షలు చూసి డాక్టరమ్మ అదే తిండి కొనసాగించమంది.

మాకొక ఆనవాయితీ ఉంది. కోతలయ్యాక కౌలు రైతు భార్య కొత్త బియ్యం తెచ్చి నా పొయ్యి మీదే వండుతుంది. మా ఇంటి పెద్ద మొదటి ముద్ద తినేదాకా వాళ్ళింట్లో కొత్తన్నం ఎవరూ ముట్టరు. ఈ ఏడు కోతలకు పది రోజుల ముందు పొయ్యి బాగుచేద్దామని వచ్చి, నిరుడు తానిచ్చిన బస్తా మూల అలాగే ఉండటం చూసింది. మర్నాటి నుంచి క్యారియర్‌లో అన్నం, పప్పు, పులుసు రావడం మొదలైంది. మూడో రోజు నాకు కోపం వచ్చింది.

"ఎవరు తెమ్మన్నారే నిన్ను?"

"ఒకరు చెప్పాల్నా? బస్తా కుట్టు కూడా విప్పలే. పస్తులుంటా ఉండారు, నోరు తెరిచి అడగరు. నాకు కళ్ళు లేవా?"

మా ఇంటి మనిషి పస్తులట! కూర్చోబెట్టి అంతా చెప్పాను. చీర కాస్త పైకెత్తి మేజోళ్ళు కూడా చూపించాను. ఆమె నోటి మీద చెయ్యి వేసుకుంది.

"నెయ్యి తింటే కాళ్ళ నొప్పి తగ్గుద్దా! మా ఆయన వింటే రేపట్నుంచి గిన్నె ముందేసుకుని కూర్చుంటాడు."

"అన్నం మానాలని కూడా చెప్పు."

"ఆ మాట చెప్తే నన్నే మానేస్తాడు."

ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత ఆమె మొహం చిన్నబోయింది. "మరి కొత్తన్నం ఎట్టమ్మా? మీరు తినకుండా మేమెట్ట తినేది?"

ఒక ముద్దకి ఏమవుతుందని నాకూ అనిపించింది. కానీ అంతకు నెల ముందు ఒక పెళ్ళిలో మర్యాదకని తీసుకున్న ముద్ద ఒక్కదానితో ఆగలేదు. వారం రోజులు కాళ్ళు సలిపాయి. కష్టపడి దక్కించుకున్న నడక అది. అలాగని ఆనవాయితీ నా చేతుల మీద తెగిపోవడమూ నాకు పడదు. కోతలయ్యేదాకా ఆలోచించాను.

కొత్తన్నం రోజు ఆమె బియ్యం తెస్తే, వంట ఇక్కడ కాదు, మడి దగ్గరన్నాను. కల్వర్టు దాకా ఆటో. అక్కడి నుంచి గట్టు మీద నా కాళ్ళతో నేనే నడిచాను. రెండుసార్లు ఆగాను. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. మోటారు షెడ్డు పక్కన మూడు ఇటుకల మీద అన్నం ఉడికింది. నెయ్యి వేసి, కలిపి, మొదటి ముద్ద ఆమె ముందు పట్టాను.

ఆమె వెనక్కి జరిగింది. "నేనొద్దమ్మా, మీ ముద్ద అది."

"మా ఇంటి పెద్ద పెట్టే ముద్ద. కాదంటావా?" నా గొంతులో అవ్వ గొంతు వినిపించింది.

ఆమె పక్కనే కూర్చున్న మొగుడి వైపు చూసింది. "తినవే," అన్నాడతను, "నువ్వు తింటేగాని మాకు పెట్టేటట్టు లేరు."

ఆమె తిన్నది. నేను నా డబ్బాలోని గుడ్లూ వేపుడు చేపలూ తీసి, వాళ్ళ వరసలోనే కూర్చుని తిన్నాను. చేపలు సగం అతనే లాగించాడు.

తిరిగి గట్టు మీద నడిచి వస్తుంటే పాదాలకు బురద అంటింది. అవ్వ పాదాలకు ఎన్నడూ అంటని బురద. ఆటోవాడు తుడుచుకోమని గుడ్డ ఇచ్చాడు. వద్దన్నాను. మా మడిదే కదా, ఇంటిదాకా రానిమ్మన్నాను.