ఇంటిపేరు గడి

పరిశోధన చేసేవాళ్లు తమ సిద్ధాంత గ్రంథం చివర ఒక జాబితా ఇస్తారు. ఏ వ్యాసాలు చదివారు, వాటిని ఎవరు రాశారు, ఏ పత్రికలో, ఏ సంవత్సరంలో, ఏ పేజీల్లో అని. ఉన్న ఓపికంతా గ్రంథం రాయడానికే ఖర్చయిపోయాక ఆ జాబితా రాయాలి కాబట్టి దాన్ని ఎవరూ సరిగా రాయరు. అలాంటివాళ్ల కోసం ఆ జాబితాను కంప్యూటరే రాసిపెట్టే సాఫ్ట్‌వేరు మేము తయారుచేశాం. మేము అంటే నేనూ, పాత ఉద్యోగంలో నాతో పనిచేసిన ఒకాయనా. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, మేడ్చల్‌లో ఒక పటేలు గారి ఇంటి మేడ మీద రెండు గదులు మా ఆఫీసు.

నేను పేట్ బషీరాబాద్ నుంచి సెవెన్ సీటర్ ఆటోలో వచ్చేదాన్ని. మా కాలనీలో అందరూ కోస్తా నుంచి వచ్చిన ఉద్యోగస్తులే. వాళ్ల పిల్లలు బ్యాంకులకూ విమానాలకూ సాఫ్ట్‌వేరు రాస్తుంటే, నేను పుస్తకం వెనక జాబితాకు రాస్తానని చెబితే, ఎదురింటావిడ "పోన్లేమ్మా, ఏదో ఒకటి" అని ఓదార్చింది. నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే మా అత్తగారు "కంప్యూటర్లు" అని చెప్పి, వెంటనే కాఫీ పెడతానని లేచేది.

పని మాత్రం తక్కువది కాదు. ఒక విశ్వవిద్యాలయానికి సంవత్సరం బ్రాకెట్లలో ఉండాలి. ఇంకోదానికి బ్రాకెట్ కనబడితే ఒళ్లు మంట. ఒక పత్రికకు సంపుటి సంఖ్య లావు అక్షరాల్లో కావాలి, ఇంకోదానికి అసలు అక్కర్లేదు. ఈ పట్టింపులనే మా వృత్తిలో శైలులు అంటారు. సాహిత్యంలో శైలి అంటే ఏమిటో నాకు తెలియదు గాని, మా దగ్గర శైలి అంటే చుక్క ఎక్కడ పెట్టాలో పట్టుబట్టడం. వాళ్లు అచ్చువేసిన నియమాల్లో ఒక పేజీలో కామా, ఇంకో పేజీలో ఫుల్‌స్టాప్ ఉండేవి. నేను ఫోన్ చేసి, "రెండింట్లో ఏదో మీరే తేల్చుకోండి, నేను లైన్లోనే ఉంటాను" అనేదాన్ని. "ఫోను కాస్త నెమ్మదిగా పెట్టండి, అది మనదే" అనేవాడు మా భాగస్వామి.

అసలు తలనొప్పి పేర్లతో. మేము ఎవర్ని చూసి ఈ పని నేర్చుకున్నామో వాళ్ల దేశాల్లో ఇంటిపేరు చివర వస్తుంది. మనకు ముందు వస్తుంది. మా మొదటి సాఫ్ట్‌వేరు చివరి మాటే ఇంటిపేరు అనుకుంది. దాంతో మన శాస్త్రవేత్తల్లో సగం మంది రావు అనే ఒకే కుటుంబం అయిపోయి, 'ఆర్' అక్షరం దగ్గర కిక్కిరిసి నిలబడ్డారు. వాళ్లను విడదీసేసరికి మా తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి ఇంటిపేరుకు విడిగా ఒక గడి పెట్టాం. ఒక మనిషికి ఒక గడి. ఇక లోకంలో సమస్యలేమీ లేవనుకుని ఆ సాయంత్రం మిర్చి బజ్జీలు తెప్పించుకున్నాం.

కింద ఉండే పటేలు గారికి షామీర్‌పేట వైపు ద్రాక్షతోటలు ఉండేవి. వాటిని తీసేసి, హద్దురాళ్లు పాతి, ప్లాట్లు వేస్తున్నారు. ఆయన కోడలు రోజూ స్కూటీ మీద షామీర్‌పేట దగ్గరి పరిశోధన కేంద్రానికి వెళ్లి, ద్రాక్షకు వచ్చే బూజు తెగులు మీద పరిశోధన చేస్తోంది. మామ తోటలు పీకిస్తున్నారు, కోడలు తోటలను కాపాడే మందు వెతుకుతోంది. ఇందులో ఆ ఇంట్లో ఎవరికీ ఏ ఇబ్బందీ ఉన్నట్టు లేదు.

ఇబ్బంది వేరే చోట ఉంది. గ్రంథం సమర్పించగానే ఆ కేంద్రంలోనే ఆమెకు ఉద్యోగం ఇస్తామన్నారు. పటేలు గారు వద్దన్నారు. "డాక్టర్ పట్టా రానీ. పెండ్లి కార్డుల మీద పేరు ముందట డాక్టర్ అని పడాలె. గంతే. ఇగ ఇంటి పట్టునుంటే సాలు" అని తేల్చేశారు. ఆమె భర్త ప్లాట్ల పని చూసుకునేవాడు, నాయిన మాటే అతని మాట. ఆమె నాతో మాత్రం దాచుకోలేదు. "నాకు గా నౌకరి కావాలె అక్కా. మైక్రోస్కోప్ ముందట కూసుంటే నాకు ఆకలి గూడ యాదికి రాదు. ఇంట్ల కూసోమంటే నేనేమైపోవాలె?" అంది. నేను మంచినీళ్లు ఇచ్చాను.

ఒకరోజు ఆమె కాగితాలు పట్టుకుని పైకి వచ్చింది. విశ్వవిద్యాలయం వాళ్లు జాబితా వెనక్కి పంపారు. గ్రంథం సమర్పించాలంటే అభ్యర్థి వ్యాసాలు కొన్ని ముందే అచ్చయి ఉండాలి. ఈమెవి మూడు ఉన్నాయి. రెండు పెళ్లికి ముందు, పుట్టింటి పేరుతో. ఒకటి పెళ్లయ్యాక, అత్తింటి పేరుతో.

"గీ రెండు రాసినామె ఎవరు, గిది రాసినామె ఎవరు అని అడుగుతున్నరు అక్కా. ఇద్దరం నేనే అంటే, జాబితల అట్ల లేదంటున్నరు."

జాబితా చేసింది మా సాఫ్ట్‌వేరే. ఒక మనిషికి ఒక గడి కాబట్టి, మా లెక్కలో ఆమె ఇద్దరు మనుషులు. ఒకామె జాబితా మొదట్లో ఉంది, ఇంకొకామె చివర్లో ఉంది. నేనూ పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్నదాన్నే. చాలా కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియక మా భాగస్వామి మీద చూపించాను. ఆయన ఇంటిపేరు పుట్టినప్పటి నుంచి కదల్లేదు కాబట్టి లేచి వెళ్లి టీ తెచ్చాడు.

లైబ్రరీల్లో దీనికి పాత పద్ధతి ఉంది. ఒకే మనిషికి రెండు పేర్లుంటే ఒకదాన్ని అసలు పేరుగా పెట్టి, వ్యాసాలన్నీ దాని కింద చేరుస్తారు. రెండో పేరు దగ్గర 'చూడు' అని రాసి, అసలు పేరు వైపు దారి చూపిస్తారు. ఎక్కువ వ్యాసాలు ఏ పేరుతో అచ్చయితే అదే అసలు పేరు. మేము అదే పద్ధతిని సాఫ్ట్‌వేరులో పెట్టాం. ఈ గొడవంతా ఇంట్లో చెబితే మా అత్తగారు, "కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అంది. నిజానికి ఈసారి దురద కందకే ఉంది.

కొత్త జాబితా ప్రింటర్‌లోంచి వస్తుండగా పటేలు గారు నీళ్ల మోటారు సంగతి చెప్పడానికి పైకి వచ్చారు. జాబితా కోసం వచ్చి కూర్చున్న కోడలు లేచి నిలబడింది. మామ ఉన్నచోట కోడలు కూర్చోకూడదు. ఆయన మా కుర్చీలో కూర్చుని కాగితం అందుకుని తమ ఇంటిపేరు వెతుక్కున్నారు. దాని పక్కన ఏం రాసుందో కోడలిచేత చదివించుకున్నారు.

"ఏందమ్మా గిది? మా ఇంటిపేరు కాడ ఏం లేదు, ఉత్తగ 'చూడు' అని పెట్టిన్రు. ఏడ జూడాలె?"

"పుట్టింటి పేరు దగ్గరండీ. వ్యాసాలన్నీ అక్కడున్నాయి."

"అంటే మా కోడల్ని జూడాలంటే వాళ్ల నాయిన ఇంటికి పోవాల్నా?"

ఆ తర్వాత రెండేళ్లపాటు నేను ఈ పద్ధతిని ఎంతోమందికి వివరించాను. ఇంత సూటిగా ఎవరూ అర్థం చేసుకోలేదు.

"గా పేరు తీసెయ్, మాది పెట్టు" అన్నారు ఆయన. "భూమి కొంటే పహాణిల పేరు మారుస్తలేమా? అమ్మినోని పేరు పోతది, కొన్నోని పేరొస్తది. అయిపాయె."

"ఇది పొలం కాదండీ. పత్రికలో అచ్చయిన పేరు ఏదీ ఇక్కడ తీసేయకూడదు. మార్చామంటే దొంగ జాబితా అంటారు. గ్రంథమే తీసుకోరు."

"ఎవడు జూస్తడు?"

"చూడటానికే అక్కడ మనుషులున్నారండీ. నేను మార్చను."

"గీ ఇల్లు నాది, తెల్సు గద?"

"ఇల్లు మీదేనండీ. వ్యాసాలు ఆవిడవి."

గండిమైసమ్మ దగ్గర గదులేమైనా ఖాళీగా ఉన్నాయా అని మా భాగస్వామి అప్పుడే ఆలోచించడం మొదలుపెట్టాడట, తర్వాత చెప్పాడు. నాకూ అదే భయం. కానీ నోరు జారాక చేసేదేముంది?

పటేలు గారు కోడలి వైపు తిరిగారు. "నువ్వేమంటవ్?"

ఆమె ఆయనకు ఎదురు చెప్పగా నేను ఎన్నడూ వినలేదు. కొంగు సర్దుకుంది. "మార్చొద్దు మామా. గవి నేను రాసినప్పుడు నా పేరు గదే" అంది.

"మరి మన పేరెందుకు కిందికి వాయె?"

"ఆడ రెండున్నయి మామా, మనది ఒక్కటే ఉన్నది. ఎక్కువ ఎటుంటే కంప్యూటర్ గటే పోతది."

"మెజార్టీనా?"

"మెజార్టీనే."

ఆ ముందటి ఎన్నికల్లో పటేలు గారు సర్పంచ్‌గా నిలబడి చాలా తక్కువ ఓట్లతో ఓడిపోయారు. మెజారిటీ గురించి ఆయనకు ఎవరూ వివరించనక్కర్లేదు. కాగితాన్ని దగ్గరగా పట్టుకుని, ఆ రెండు వ్యాసాలను ప్రత్యర్థుల్ని చూసినట్టు చూశారు.

"అయితే మన పేరు మీద ఇంకో రెండు రాస్తే?"

"మనదే పైకొస్తది మామా. గా పేరు కాడ 'చూడు' అని పడతది."

"మరి రాయి. ఎవలొద్దన్నరు?"

ఆమె ఊపిరి పీల్చుకోవడం నాకు వినబడింది. "ఇంట్ల కూసుంటే రాయరాదు మామా. సెంటర్ల నౌకరి జేస్తెనే అచ్చయితయి."

కింద నీళ్ల మోటారు తన పాటికి తాను మోగుతోంది. నేను ప్రింటర్‌లో కాగితాలు సర్దాను, అవి సరిగానే ఉన్నా.

పటేలు గారు లేచి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "సరే, నౌకరికి పో. గని రెండు గాదు, మూడు రాయి. ఫరక్ జర ఎక్కువుండాలె, మల్ల ఎవడన్న లెక్క తప్పంటడు" అన్నారు. గుమ్మం దగ్గర ఆగి, "జల్దీ రాయి" అని కూడా అన్నారు.

ఆయన మెట్లు దిగిపోయాక ఆమె కుర్చీలో కూలబడింది. నవ్వుతుందనుకున్నాను. వెక్కి వెక్కి ఏడ్చింది. నాకూ ఆగలేదు, ఎందుకు దాచాలి? మా భాగస్వామి కిటికీ వైపు తిరిగి ప్లాట్లు చూస్తూ నిలబడ్డాడు.

కాసేపటికి ఆమె మొహం తుడుచుకుంది. "అక్కా, ఒక్కటి అచ్చు గావాలంటే ఏండ్లకేండ్లు పడతది" అంది. "మామకు తెల్వదు."

"చెప్పకు" అన్నాను.