వదిన సర్వీసు

మా వదిన పోయిందన్న కబురు ఆమె పనిచేస్తున్న ఇంటి మేడం ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు నేను దుబాయ్‌లో, జెబెల్ అలీలోని మా ఫ్యాక్టరీ ఆఫీసులో ఉన్నాను. ఆవిడకు వచ్చింది కాస్త హిందీ. "ఆప్ కా భాభీ..." అని ఆగి, ఏ మాట వాడాలో తెలియక, చివరికి "ఖలాస్" అంది. ఇక్కడ డ్యూటీ అయిపోతే ఖలాస్, డబ్బాలో టీపొడి అయిపోతే ఖలాస్. మనిషి గురించి ఆ మాట వినడం నాకు అదే మొదటిసారి. ఆవిడ ఏడుస్తోంది. ఏం చెప్పాలో తోచక "షుక్రన్ మేడం" అని థాంక్స్ చెప్పాను.

అల్ కుసైస్‌లో ఉన్న మనవాళ్ళలో కొందరికైనా వదిన తెలిసే ఉంటుంది. పొట్టిగా, చేతిసంచీ ఛాతీకి హత్తుకుని, మా అన్నయ్య కంటే అరడుగు ముందు నడిచే మనిషి. ఎందుకలా ముందు నడుస్తావని ఎవరో అడిగితే, "ఆయన పడితే నా మీద పడతారు కదండీ, రోడ్డు మీద పడకుండా" అంది.

ఆమెది గోదావరి జిల్లా. అన్నయ్య ఆమెను భార్యగా ఇక్కడికి తెచ్చుకోగలిగే జీతం రాకముందే, ఇంటిపని వీసా మీద తనే దుబాయ్ వచ్చింది. ఒక అరబ్బు ఇంట్లో మంచాన పడ్డ ముసలమ్మను చాలా ఏళ్ళు చూసింది. ఆ ముసలమ్మ పోయాక, ఇంటివాళ్ళు వదినకు హిసాబ్ ఇచ్చి పంపారు. పని మానేసి వెళ్ళేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే డబ్బును ఇక్కడ మనవాళ్ళు హిసాబ్ అంటారు. దాంతో ఊళ్ళో తల్లి ఇంటికి స్లాబు వేయించింది. "ముసలమ్మ పుణ్యమా అని మా అమ్మ నెత్తి మీద స్లాబు పడింది. మంచిగానే పడిందిలే!" అని నవ్వేది.

తరవాత అన్నయ్య ఫ్యామిలీ వీసా తీశాడు. పాస్‌పోర్ట్ మీద స్టిక్కర్ పడిన రోజున టైపింగ్ సెంటర్ మలయాళీ ఆయన దాన్ని వదినకు చదివి వినిపించాడట. పేరు, స్పాన్సరు, ప్రొఫెషన్: హౌస్ వైఫ్. ఇంటికి వచ్చి నా చేతికి స్వీటు ఇచ్చింది.

"చూసావా చిన్నబ్బాయ్, నా పని కూడా రాశారంట. మీ అన్నయ్యకి మేసన్ అని రాసినట్టే."

అన్నయ్య నవ్వాడు. "దానికి జీతం ఎవడిస్తాడే?"

"మీరిస్తారా ఏంటి? గవర్నమెంటు రాసింది, గవర్నమెంటే చూసుకుంటాది."

ఆమె హాస్యానికి అంటోందనే అనుకున్నాం.

కరోనా వచ్చిన ఏడాదే అన్నయ్య కిడ్నీలు పాడయ్యాయి. కంపెనీ దయతలచి సైటు నుంచి తీసి టైమ్ ఆఫీసులో కూర్చోబెట్టింది. డ్యూటీ లేని పూటల్లో డయాలసిస్. వదిన జీవితమంతా వాళ్ళుండే గదిలోకి, ఆసుపత్రికి వెళ్ళే బస్టాపులోకి కుదించుకుపోయింది. కూరగాయలు ఉడకబెట్టి ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ వేరే నీళ్ళలో వండేది. ఉప్పు డబ్బా పక్కింట్లో దాచింది. అన్నిటికంటే కష్టం నీళ్ళు. అన్నయ్య రోజుకు ఇన్నే తాగాలని డాక్టరు చెప్పాడు. సులేమానీ టీ తాగే చిన్న గ్లాసుతో కొలిచి ఇచ్చేది. ఆగస్టు ఎండలో బయటినుంచి వచ్చి, మనిషి నాలుక తడారిపోయి చెయ్యి చాపితే, ఒక ఐసు ముక్క చేతిలో పెట్టేది.

"రాక్షసివే నువ్వు," అనేవాడు అన్నయ్య.

"అవునండి. రాక్షసి మొగుడు బతికుంటాడు," అనేది.

ఆయన ఎదుట ఆమె ఎప్పుడూ నీళ్ళు తాగలేదు. దాహమైతే బాత్రూములోకి వెళ్ళి, పంపు తిప్పి, ఆ చప్పుడు మాటున తాగి, మూతి తుడుచుకుని వచ్చేది. ఒకసారి నాతో అంది: "అరబ్బుల ఇంట్లో ఎత్తి దించాను, కడిగాను, అన్నీ చేశాను. దాహమన్న మనిషికి నీళ్ళు లేవనడమంత పని ఎక్కడా చెయ్యలేదు."

అన్నయ్య నిద్రలోనే పోయాడు. అతని హిసాబ్ నుంచి వైద్యానికని ముందే తీసుకున్న అడ్వాన్సులు తీసేస్తే దాదాపు ఏమీ మిగల్లేదు. ఆమె వీసా కూడా అతని వీసాతోపాటే పోతుంది. ఊరు వెళ్ళిపోవాలి. పిల్లలు లేరు, ఆ స్లాబు కింద ఇప్పుడు ఆమె తమ్ముడి కుటుంబం ఉంటోంది. సామాను సర్దుతూ వదిన పాస్‌పోర్ట్ తెచ్చి నా ముందు పెట్టింది.

"మీ ఫ్యాక్టరీలో అందరి హిసాబూ నువ్వే చేస్తావు కదా. నాదీ చూడు."

"నీదేముంది వదినా?"

"స్టిక్కరు మీద పని రాసుంది కదా. పని రాసినవాళ్ళు సర్వీసు రాయరా?"

అప్పుడు అర్థమైంది, ఇన్నేళ్ళూ ఆమె నిజంగానే నమ్మిందని. ఈ లెక్కలు నాకు ఎవరూ బళ్ళో నేర్పలేదు, ఆఫీసులో పక్కవాళ్ళను చూసి నేర్చుకున్నాను. తెలిసినంతలో చెప్పాను. హిసాబ్ కట్టాలంటే బేసిక్ జీతం ఉండాలి. దాన్ని ఏళ్ళతో హెచ్చవేస్తాం. నీకు బేసిక్ సున్న. సున్నను ఎన్ని ఏళ్ళతో హెచ్చవేసినా సున్నే.

ఆమె పాస్‌పోర్ట్ తీసుకుని స్టిక్కరు ఉన్న పేజీ తెరిచింది. "మరి ఆ ఏళ్ళు ఏమైపోతాయి?" అంది.

 

మా ఆఫీసులో ఒక జర్మన్ ఇంజినీరు ఉండేవాడు. జబ్బుపడ్డ తల్లిని ఇంట్లో చూసుకుంటున్నందుకు తన చెల్లెలి పింఛను ఖాతాలో ప్రభుత్వం తరఫున జమ పడుతుందని ఒకసారి చెప్పాడు. ఆమెకు ఊరటగా ఉంటుందేమోనని వదినకు ఆ సంగతి చెప్పాను.

"అయితే మీ అన్నయ్యకి ఆ ఊళ్ళో జబ్బు చెయ్యాల్సింది," అంది. నవ్వింది కూడా. "పరాయి ముసలమ్మకి చేస్తే సర్వీసంట. ఇంట్లో మనిషికి చేస్తే సెలవులో ఉన్నట్టంట."

ఊరెళ్ళాక వితంతు పింఛనుకు ప్రయత్నించింది. ఫోనులో చెప్పింది: "రేషన్ కార్డులో పేరు లేదంటన్నారు. దుబాయ్ నుంచి వచ్చి పింఛనేంటమ్మా, నువ్వే మాకియ్యాలి అని ఆఫీసాయన ఎకసెక్కాలాడాడు చిన్నబ్బాయ్." తిరిగింది, అడిగింది, కుదరలేదు. తమ్ముడి భార్య ఏమీ అనేది కాదు. ఆ అనకపోవడమే అన్నదానికంటే ఎక్కువగా ఉండేదట.

చివరికి ఏజెంటుతో మాట్లాడుకుని మళ్ళీ ఇంటిపని వీసా మీద వచ్చింది. షార్జాలో ఒక ఇల్లు. మతి తప్పిన ముసలామెను చూసుకోవాలి. విమానాశ్రయంలో ఆమెను చూసి నేను తల తిప్పుకున్నాను. నడుముకు నొప్పి బెల్టు కట్టుకుని ఉంది.

"ఈ వయసులో ఎందుకు వదినా? నేను లేనా?"

"ఉన్నావులే. నీ మీద పడితే నువ్వెవరి మీద పడతావు?" అంది. "ఈసారి ఏళ్ళు లెక్కకొస్తాయి. నాలుగేళ్ళు ఓపిక పడితే ఒక గది వేసుకుంటాను. యల్లా, పద."

మొదటి ఏడాది నిండకముందే, వంటింట్లో పాలు కాస్తూ కూలబడిపోయింది. ఏడాది నిండని సర్వీసుకు హిసాబ్ ఉండదు. ఆ మాట నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ ఇంటివాళ్ళు మంచివాళ్ళు. శవాన్ని ఊరికి పంపే ఏర్పాట్లన్నీ వాళ్ళే చేశారు. వదిన సామాను తెచ్చుకోవడానికి వెళ్ళాను. ఒక సూట్‌కేసు, నొప్పి మాత్రలు, నూనె సీసా. మేడం నన్ను వరండాలో కూర్చోబెట్టి ఖర్జూరాలు పెట్టింది. ముసలామె చక్రాల కుర్చీలో అక్కడే ఉంది. తల మీది నల్ల షేలా కిందనుంచి సన్నని తెల్లజడ ఒకటి భుజం మీదికి వచ్చి ఉంది. నూనె పెట్టి నున్నగా అల్లి, చివర మడిచి, ఎర్ర రిబ్బనుతో పువ్వులా కట్టిన జడ. మన ఊళ్ళలో బడికి వెళ్ళే ఆడపిల్లలకు వేసే జడ.

జడ పైనుంచి వదులైపోయింది. కొత్తగా వచ్చిన పనిమనిషి దువ్వెన పట్టుకుని ఆమె వెనక నిలబడింది. చెయ్యి దగ్గరికి వచ్చిన ప్రతిసారీ ముసలామె అరుస్తోంది.

"ఆ రోజునుంచీ ఇంతే," అంది మేడం. "ఎవర్నీ విప్పనివ్వదు."

ముసలామె జడ చివర రిబ్బనును పిడికిట్లో బిగించి పట్టుకుని, తెరిచి ఉన్న వంటింటి తలుపు వైపే చూస్తూ కూర్చుంది.