గిద్దలూరు సారు

పుస్తకం దొరకడం లేదంటే అది అపురూపమైనదని, దాన్ని ఇంకెవరో వెతుకుతున్నారంటే ఇక బంగారమేనని గట్టిగా నమ్మే వయసు ఒకటుంటుంది. నాకది కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో వచ్చింది. మార్కాపురంలో ఇల్లు, గిద్దలూరులో ఆఫీసు, రోజూ రైల్లో పోయి రావడం. జీతం చేతికొచ్చేసరికి పాత బొమ్మల కథల పుస్తకాల పిచ్చి పట్టుకుంది. (ఇంట్లోవాళ్ళు పిచ్చి అని మాత్రమే అనేవాళ్ళు. మిగతా మాటలు నేను చేర్చుకున్నవి.)

అన్నిట్లోకీ నాకు కావలసింది ఒక్కటే. ఐదో తరగతిలో బస్టాండు బంకులో కొన్న పుస్తకంలో రాకుమారుడు మొసళ్ళ మడుగు మీద తాడు పట్టుకుని వేలాడుతుంటాడు. తాడు తెగబోతుంటుంది. కింద 'మిగతా కథ వచ్చే నెల' అని ఉంటుంది. ఆ వచ్చే నెల పుస్తకం మా ఊరికి రానేలేదు. నాకు మీసాలొచ్చినాయి, ఉద్యోగమొచ్చింది, వాడు మాత్రం అట్లనే వేలాడుతున్నాడు.

ముందు దొనకొండలో పాత పేపర్ల దుకాణాయన్ని అడిగినా. లేదన్నాడు. ఎక్కడన్నా తగిలితే చెప్పమని, గిద్దలూరు ఆఫీసులో పనిచేస్తానని చెప్పి ఫోన్ నంబరిచ్చి వచ్చినా. కొన్నాళ్ళాగి దర్శికి పోతే అక్కడి దుకాణంలో, దానికి తెగ గిరాకీ ఉందని, ఎవరో గిద్దలూరు సారు దానికోసం పడి చస్తున్నాడని చెప్పినారు. నా గుండెల్లో రాయి పడింది. పడిందే గానీ, చూసినావా, నేను అనుకున్నట్టే ఎంత అరుదైన పుస్తకమో అని ఒళ్ళంతా ఉత్సాహం. ఇక రైల్లో సంచీతో కనిపించిన ప్రతివాడూ నాకు గిద్దలూరు సారే. వాడికంటే ముందు పట్టాలని కంభం, దర్శి, మార్కాపురం, ఒక్క దుకాణం వదల్లేదు. పోటీవాడికి తెలిసిపోతుందని పేరు కూడా చెప్పేవాణ్ణి కాదు. నేను ఎంత తిరిగితే వాడి పేరు అంత మోగింది.

చివరికి పొదిలిలో, పాత పుస్తకాలమ్మే భాయ్ దగ్గర కనబడింది. అట్ట మీద అదే రాకుమారుడు. చెయ్యి పెట్టబోతే భాయ్ అడ్డం పెట్టినాడు.

"అది ఇయ్యలేను సార్. గిద్దలూరు సారుకని తీసి పెట్టినా."

రెట్టింపు ఇస్తానన్నా. బతిమాలినా. మాటంటే మాటేనన్నాడు. నా మొహం చూసి జాలి పుట్టిందేమో, దొనకొండాయన పంపిన నంబరుందని, ఆ సారునే అడిగి చూస్తానని ఫోన్ చేసినాడు. వాడు నల్లమలలో సిగ్నల్ లేనిచోట ఇరుక్కుపోవాలని నేను మనసులో మొక్కుకుంటుండగా నా జేబులో ఫోన్ మోగింది. ఇంత ముఖ్యమైన వేళ ఎవడబ్బా అని చూడకుండానే నొక్కేసినా.

"కట్ చేసినాడు సార్," అన్నాడు భాయ్. మళ్ళీ కొట్టినాడు. నా జేబు మళ్ళీ మోగింది. భాయ్ నా జేబును చూసినాడు, నన్ను చూసినాడు.

"సలామ్ గిద్దలూరు సారూ."

నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని లోపలికిపోయి, అదే పుస్తకాలు ఒక కట్ట తెచ్చి నా ముందు పెట్టినాడు. అప్పట్లో అమ్ముడుపోక మిగిలినవంట, కట్ట మొత్తం ఆ సారుకే అంటగట్టాలని ఒక్కటీ విడిగా అమ్మలేదంట. గిద్దలూరు సారు తప్ప ఇంకెవరూ అడిగిన పాపాన పోలేదంట. అక్కడే నిలబడి చదివేసినా. (తాడు తెగింది. మొసళ్ళు శాపం తీరి మనుషులైపోయినాయి. దీనికోసమా ఇన్నేళ్ళు!)

ఆ కట్ట ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. ఊరికే ఇస్తానన్నా తీసుకునేవాడు లేడు. గిద్దలూరు సారును తిట్టుకుంటూ తిరిగిన ఆ రోజుల్లో, ఈ చుట్టుపక్కల నాలాంటోడు ఇంకొకడున్నాడని లోపల్లోపల ఎంత సంబరపడినానో ఇప్పుడు తెలుస్తాంది. వాడు నిజంగా ఉండుంటే, ఒక పుస్తకం వాడి చేతిలో పెట్టి, టీ తాగుతా ఆ మొసళ్ళ సంగతి మాట్లాడుకుందుమే అనిపించి, ఒక్కణ్ణే నవ్వుకుంటుంటా.