ఎత్తుకుపోయిన పిల్ల పేరు

ఆ పీట ఇటు లాక్కుని దగ్గరగా కూర్చోండి, ఫ్యాను చప్పుడులో నా మాట వినపడదు. మా మనవరాలికి పేరు పెట్టినప్పటి సంగతి చెబుతాను. తొంభైల్లో మాటిది.

మా కోడలికి మొదట పుట్టిన ఆడపిల్ల, మా మొహాలు చూసి నవ్వడం నేర్చుకునే వేళకి జ్వరమొచ్చి పోయింది. రెండోసారీ ఆడపిల్లే. అది పుట్టింది మొదలు ఇంట్లో ఎవరికీ నిలకడ లేదు. తుమ్మితే వంటింట్లోంచి పరిగెత్తేదాన్ని. నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేవాళ్ళం, ఒకరు చూసి వెళ్ళాక ఇంకొకరు.

పిల్లలు నిలవని ఇంట్లో మా వైపు ఒక అలవాటుంది. బిడ్డని చేటలో పడుకోబెట్టి పొరుగావిడకి ఇచ్చేసి, మళ్ళీ ఇంత తవుడు పోసి కొనుక్కుంటారు. తవిటమ్మ అని పిలుస్తారు. అంత చవక పిల్లని ఎవరూ ఎత్తుకుపోరని. నేను ఆ మాటే అన్నాను. మా ఆయనేమో ద్రాక్షారామం అమ్మవారి పేరు మొక్కుకున్నానన్నారు. కోడలు ఎవరి మాటా కాదనలేదు, ఔననలేదు. బారసాల ముందురోజు మాత్రం, పెర్సెఫొనీ అని పెడతానంది.

ఇంగ్లీషు మీడియం స్కూల్లో టీచరు కదా, ఏ పువ్వు పేరో అనుకున్నాను. గ్రీకుల దేవతట. దీన్ని కొట్టుకి పంపిస్తే పేరు చెప్పేలోపు కొట్టు కట్టేస్తారని మా ఆయన నవ్వారు. పక్కింటావిడ, మందు సీసా మీద పేరులా ఉందండీ అంది.

కథేంటో నేనే అడిగాను. కోడలు పిల్లకి పాలిస్తూ చెప్పింది. పాతాళానికి రాజొకడు, మన యముడి లాంటివాడు, పూలు కోసుకుంటున్న పిల్లని రథమెక్కించి ఎత్తుకుపోయాడట. నేను ఉండబట్టలేక అడ్డుపడ్డాను.

"తెచ్చితెచ్చి యముడు ఎత్తుకుపోయినదాని పేరా అమ్మాయ్?"

"ఎత్తుకుపోతే వాళ్ళమ్మ ఊరుకోలేదండీ, అత్తయ్యగారూ. ఆవిడ పంటల దేవత. నా పిల్లని ఇచ్చేదాకా ఒక్క గింజ మొలవదంది. దేవుళ్ళే దిగొచ్చి పంపించారు." పిల్లని భుజాన వేసుకుని, "మొదటిదానికి నేనేం చేశాను? మీరంతా ఊరుకోమంటే ఊరుకున్నాను," అంది.

ఆ తర్వాత నేను తవుడు ఊసెత్తలేదు. మర్నాడు మా అబ్బాయి పళ్ళెంలో బియ్యం పరిచి ఉంగరంతో ఆ పేరే రాశాడు. చోటు చాలక చివరి అక్షరం అంచు మీదికెక్కింది.

అక్కడితో నా మనసు కుదుటపడిందా అంటే, లేదు. కథలో ఆ పిల్ల పూర్తిగా తిరిగి రాలేదనీ, ఏటా కొన్నాళ్ళు కిందికి పోవాల్సిందేననీ, అప్పుడు చేలన్నీ బోసిపోతాయనీ మా అబ్బాయి తర్వాత చెప్పాడు. వాళ్ళ దేశంలో అది చలికాలమట. మాకు చలికాలంలో రెండో పంట, దాళ్వా నారు పచ్చగా ఉంటుంది. మా చేలు నెర్రెలిచ్చేది ఎండాకాలం, కాలవలకి నీళ్ళు కట్టేశాక. అయితే మాకు గండం అప్పుడేనని నాకు నేనే లెక్కేసుకున్నాను. ఎవరితోనూ అనలేదు. కాలవ కట్టేసిన దగ్గర్నుంచి కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే పిల్ల దగ్గరికి పోవాలనిపించేది.

ఆ ఎండల్లోనే దానికి విరేచనాలు పట్టుకున్నాయి. మధ్యాహ్నానికి మెడ వాల్చేసింది. కోడలు చేట తెచ్చి నా ముందు పెట్టింది.

"మీరన్నట్టే చేద్దామండీ. ఆ పేరు తీసేద్దాం."

చేట వైపు నా చెయ్యి వెళ్ళిన మాట నిజం. కానీ ఆ వాలిన మెడ చూస్తూ తవుడు కొలుస్తూ కూర్చోవడం నా వల్ల కాలేదు.

"వద్దమ్మాయ్. ఆ కథలో తల్లి ఊరుకోలేదన్నావుగా. మనమూ ఊరుకోవద్దు, పద."

ఆటోలో భీమవరం దాకా చెంచాతో ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు పోస్తూ, కళ్ళు మూయనివ్వకుండా ఇద్దరం ఆ పేరే పిలుస్తూ కూర్చున్నాం. ఇదేం మంత్రమోనని డ్రైవరు అద్దంలోంచి చూశాడు. ఆస్పత్రిలో సెలైను పెట్టారు. సాయంత్రానికి పిల్ల గుక్కపెట్టి ఏడ్చింది. వార్డులో వాళ్ళంతా విసుక్కుంటుంటే మేమిద్దరం దాన్ని సముదాయించకుండా వింటూ ఉండిపోయాం.

ఆ పేరు మంచిదో కాదో నాకిప్పటికీ తేలలేదు. ఎండలు ముదిరితే ఇప్పటికీ దాని గదిలోకి ఊరికే తొంగిచూసి వస్తాను.

కాస్త మజ్జిగ తాగి వెళ్ళండి. మీరు మీ పిల్లలకి ఏ పేరైనా పెట్టుకోండి, మీరు పిలవగానే వాళ్ళు పలికేంత దూరంలో పెరగాలి. మీ ఇల్లు చల్లగా ఉండాలి.