తువ్వాలు కింది ధర

ఈ రోజు నల్గొండ గింజల వర్తకులు కొత్త కలెక్టరును కలిశారు. పోలీసు చర్య అయిపోయినా ధాన్యం తాలూకా దాటనివ్వడం లేదు. ఆ కట్టడి ఎత్తేయమని అడగడానికి, గట్టిగా మాట్లాడతానని, రోజూ పెద్ద సేటు దుకాణం అరుగు మీద దేవుని వాక్యం చెప్పే నన్నూ తీసుకుపోయారు. బైబిలు గ్రంథం చంకన పెట్టుకుని వెళ్లాను.

"తీసేస్తే ఇక్కడి జనానికి జొన్నలు ఏ ధరకిస్తారు?" అన్నాడు కలెక్టరు.

మావాళ్లు బజారు అలవాటు కొద్దీ తువ్వాలు కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని, పైకి చెప్పకుండా తమలో తాము ధర బేరం మొదలుపెట్టారు. నాకు ఒళ్లు మండింది. తువ్వాలు లాగేశాను.

"గరీబోళ్ల తిండి ముచ్చట చాటుకెందుకు సేటూ? దేవుడు చూస్తుండు!" అని, అరుగు మీద రోజూ చూసి నేర్చిన వేళ్ల లెక్కతో, ఆ వేళ్లు చూపిస్తున్న తక్కువ ధరను బయటికి చెప్పేశాను.

అదే ధర సాయంత్రంలోగా దుకాణాల ముందు రాసిపెడితే కట్టడి తీస్తానన్నాడు కలెక్టరు. వాళ్లు ఒప్పుకోక తప్పలేదు.

బయటికి రాగానే పెద్ద సేటు అన్నాడు: "అయ్యగారూ, ఇగ మా అరుగు మీద ప్రసంగాలు బంద్. మీ దేవునికి వేరే జాగా చూసుకోండ్రి."

ఇందాక చింతచెట్టు కింద నిలబడి వాక్యం చదివాను. వినడానికి ఒక్కరూ రాలేదు. ఊరంతా చౌక జొన్నలకు పోయింది. ఊరివాళ్లారా, సంచులు నిండినాక మీలో ఎవరైనా కాసేపు ఇటు వస్తారా?