జెర పక్కకు జరుగుండ్రి

ఆ రోజుల్లో మనసు పడటానికి మనిషి మొత్తం కనిపించాల్సిన పని లేదు. కళ్ళు కనిపిస్తే చాలు, మిగతాదంతా మనమే కల్పించుకునేవాళ్ళం. (మనమే అన్నాను గాని, మీరు ఇందులో లేకపోవచ్చు.) సంగారెడ్డిలో మా నాన్న కిరాణా దుకాణం నాకొద్దని, సుల్తాన్‌పూర్‌లో సెలైన్ గొట్టాలు తయారుచేసే కంపెనీలో కొత్తగా చేరాను. లోపల వెంట్రుక రాలకూడదు, దుమ్ము ఎగరకూడదు. అందుకని తల నుంచి కాళ్ళ దాకా అందరికీ ఒకటే తెల్ల తొడుగు, టోపీ, మాస్కు. ఆడవాళ్ళను కాటుక కూడా పెట్టుకోనిచ్చేవారు కాదు. ఎవరినీ గుర్తుపట్టే వీలుండేది కాదు, నన్ను తప్ప. నా కనుబొమ్మలు రెండూ ముక్కు మీద కలిసిపోయి ఒకటే గీతగా ఉంటాయి. వాటిని దాచే మాస్కు మా కంపెనీ ఇంకా కొనలేదు.

నా బల్లకు ఎదురుగా ఒక అమ్మాయి ఉండేది. నేనిచ్చిన గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూసి, బాగుంటే కళ్ళతో నవ్వేది. (బాగా లేకపోయినా నవ్వేది, నన్ను ముంచింది అదే.) ఆ కళ్ళ కింద నేనొక ముక్కు పెట్టాను. ముక్కుకు పుడక పెట్టాను, బుగ్గన సొట్ట పెట్టాను. రోజూ కొంచెం కొంచెం దిద్దుకుంటూ వచ్చాను. లోపల మాట్లాడుకోనివ్వరు, భోజనానికి ఆమె బ్యాచ్ వేరు, ఎవరినైనా పేరడిగితే సాయంత్రానికల్లా కంపెనీ అంతా పాకుతుంది. ఇక లాభం లేదని, ముఖం చూసి ఎలాగైనా మాట కలపాలని, ఒకరోజు డ్యూటీ దిగి గేటు దగ్గర నిలబడ్డాను.

ఆడపిల్లలంతా గుంపుగా బయటికొచ్చారు. అందరికీ కళ్ళున్నాయి. పైగా లోపల పెట్టుకోనివ్వని కాటుకంతా బట్టలు మార్చుకునే గదిలోనే పెట్టేసుకుని వచ్చారు. నేను ఒక్కొక్కరి కళ్ళలోకీ తేరిపార చూస్తుంటే సెక్యూరిటీ తాత దగ్గరికొచ్చాడు.

"ఏంది బిడ్డా, కండ్ల డాక్టర్‌వా?"

సిగ్గుపడే తీరిక కూడా లేదు నాకు. అంతలో ఎవరో అమ్మాయి వచ్చి సరిగ్గా నా ముందు నిలబడింది. ఎవరి కోసం చూస్తున్నానని అడిగింది. మా లైన్లో పనిచేసే ఒకామె కోసమని, మెడ సాచి ఆమె భుజం మీదుగా చూస్తూనే చెప్పాను.

"ఎట్లుంటది?"

"మస్తు మంచిగుంటది. మీరు జెర పక్కకు జరుగుండ్రి, కనిపిస్తలేదు."

జరిగింది పాపం. గేటు ఖాళీ అయ్యేదాకా నిలబడి, నా కళ్ళు గప్పి వెళ్ళిపోయినట్టుంది అనుకుంటూ ఇల్లు చేరాను.

మర్నాడు ఎప్పటిలాగే గొట్టం అందించాను. ఆమె తీసుకోలేదు. నా కనుబొమ్మల వంక ఒకసారి చూసి, రబ్బరు తొడుగు వేసుకున్న చేత్తో 'దయచేయండి' అన్నట్టు దారి చూపించి, ఎంతో మర్యాదగా ఒక అడుగు పక్కకు జరిగింది. ఆ కళ్ళు నవ్వుతున్నాయో లేదో చూసే ధైర్యం లేక గొట్టాన్నే చూస్తూ ఉండిపోయాను. సాయంత్రం నాలుగు మంచి మాటలు కూర్చుకుని మళ్ళీ గేటు దగ్గర నిలబడ్డాను. ఈసారి నా ముందుకు ఎవరూ రాలేదు. కొన్నాళ్ళకు ఆమెకు వేరేచోట ఉద్యోగం వచ్చిందన్నారు, ఆ బల్ల దగ్గరికి వేరే కళ్ళు వచ్చాయి. చాలా బాధపడ్డాను.

నేను కల్పించిన ముఖం ఇప్పటికీ ముక్కుపుడకతో సహా గుర్తుంది. మూరెడు దూరంలో నిలబడి నన్ను పలకరించిన ముఖం మాత్రం ఎంత తలుచుకున్నా రాదు. ఆ రోజు అది నాకు అడ్డం కదా. ఈ కథ పెళ్ళైన కొత్తలోనే మా ఆవిడకు చెప్పేశాను, అప్పటి నుంచి కోపమొస్తే నన్ను కండ్ల డాక్టర్ అంటుంది. నేను టీవీ చూస్తుంటే ఒక్కోసారి అడ్డంగా వచ్చి నిలబడుతుంది. నేను జరగమనను. తల ఎత్తి ఆమె ముఖం చూస్తాను.

"ఏంది, గట్ల చూస్తున్నరు?" అంటుంది.

ఏం లేదు, నిలబడమంటాను.